వానకాలమున కెమేరా సంరక్షణము



నేటి ప్రసంగవిషయమును వినగానే, కెమేరాతో మాకేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. కొంచెము ఆలోచింపుడు. గోడమీద వ్రేలాడు తండ్రిగారి పటము, మనుమరాలి పెండ్లినాటి చిత్రముల పుస్తకము, పొలముగట్టు తగవులో అధికారులకు చూపిన ఛాయాచిత్రము, ఇవి యన్నియు కెమేరా యిచ్చినవే. పూర్వము పటము తీయించుకొనవలెనన్నచో మనము పట్టణమునకు పోవలెను. లేదా పట్టణమునుండి ఫోటోగ్రాఫరు రావలెను. ఈనాడు దాదాపు ప్రతి యింటను సెల్‌ఫోను గలదు. దానిలో కెమేరా గలదు. కొంచెము పెద్ద గ్రామమైనచో, పెండ్లిండ్లకును శుభకార్యములకును చిత్రములు తీసి జీవించు యువకుడొకడైన నుండును. అతడు అప్పు చేసి కొన్న కెమేరా వెల ఒక కాడి యెద్దుల వెలకు తీసిపోదు. ఎద్దులు వానకు తడువకుండ పాక వేయుట మన మెఱుగుదుము. ఈ యంత్రమును వానకాలమున నెట్లు కాపాడవలెనో యెఱిగినవారు తక్కువ.

మఱియొక సంగతి. చేలు నీట మునిగినప్పుడును, ఇంటిగోడ కూలినప్పుడును, నష్టమునకు సాక్ష్యముగా మొదట చూపవలసి వచ్చునది ఛాయాచిత్రమే. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకము అమలులోనున్న చోట్ల, వడగండ్ల వంటి స్థానికోపద్రవముచే పంట చెడినచో 72 గంటలలోగా తెలియజేయవలెనను నియమము గలదు. ముసురు వదలువఱకు ఆగి చిత్రము తీయుదమన్నచో గడువు దాటిపోవచ్చును. అనగా కెమేరాతో నిజమైన అవసరము పడునది వానదినములలోనే. కెమేరాకు గండము కలుగునదియు ఆ దినములలోనే.

కెమేరాకు నీటివలన కలుగు హాని రెండు విధములు. మొదటిది కంటికి కనబడు నీరు: వానజల్లు, చెఱువునీరు, సముద్రపు తుంపర. రెండవది కంటికి కనబడని నీరు: గాలిలోని తేమ. మొదటిదానికి అందరును వెఱతురు, గొడుగు పట్టుదురు, చొక్కా కప్పుదురు. రెండవదానిని లెక్కచేయువారు లేరు. కాని చినుకులకంటె ఈ కనబడని తేమయే యెక్కువ కెమేరాలను పాడుచేయుచున్నదని నా యభిప్రాయము. ఈ యభిప్రాయము నాకెట్లు కలిగెనో చెప్పెదను.

నే నెఱిగిన యువకుడొకడు పెండ్లిచిత్రములు తీయువాడు. ఒక యేడు శ్రావణమాసమున ఊరేగింపు నడుమ పెద్దవాన వచ్చెను. అతడు కెమేరాకు ప్లాస్టికు సంచి తొడిగి, తమ్ముని గొడుగు పట్టుమని, పని పూర్తిచేసెను. కెమేరాకు ఏమియు కాలేదు. మఱుసటి యేడు ఆషాఢము వచ్చెను. ఆషాఢమున పెండ్లిండ్లుండవు గదా. అతడు కెమేరాను శుభ్రముగా తుడిచి, తోలుసంచిలో పెట్టి, సంచిని దుప్పటిలో చుట్టి, ఇనుప బీరువాలో అడుగు అరలో దాచి తాళము వేసెను. నెలదినములు దానిపై ఒక్క చినుకైనను పడలేదు. శ్రావణమున తొలి ముహూర్తమునకు తెఱచి చిత్రములు తీయగా, దీపములన్నింటి చుట్టును పొగ క్రమ్మినట్లు కనబడెను. లెన్సును వెలుతురునకు పట్టి చూచినచో లోపలి అద్దముపై సాలెగూటి వంటి తెల్లని పోగులు వ్యాపించియుండెను. అది బూజు. పెండ్లివారి మాటలు సరియే సరి. బాగుచేయించుటకు ఆ నెల సంపాదనలో చాలభాగము పోయెను. తాళికట్టు సమయము మఱల రాదు గదా. వానలో నిలిచిన యేడు చెడని కెమేరా, ఇంటిలో దాచిన యేడు చెడిపోయినది. నేటి ప్రసంగమునకు మూలమీ యొక్క మాటయే.

ఇందు వింత లేదు. ఆవకాయ జాడీలో తడిగరిటె పెట్టి మూత బిగించినచో నేమగునో మన యింటి ఆడువారందఱును ఎఱుగుదురు. సరిగా ఆఱని వేరుసెనగకాయలను గోతములలో కట్టి వేసినచో బూజు పట్టును. తేమను లోపల నుంచి మూత బిగించుట రక్షణము కాదు. ఆఱబెట్టి, పిమ్మట మూయుటయే రక్షణము. విత్తనములకు చెల్లు ఈ న్యాయమే కెమేరాకును చెల్లును.

బూజు బీజములు గాలిలో నంతటను గలవు. అవి లెన్సులోనికి దూఱకుండ చేయుట యెవరి తరమును గాదు. అవి మొలకెత్తుటకు కావలసినవి నాలుగు: తేమ, చీకటి, కదలని గాలి, కొంచెము ఆహారము. ఆహారమునకు వ్రేలిముద్రలోని జిడ్డుగాని, సన్నని దుమ్ముగాని చాలును. తోలుసంచిలో ఈ నాలుగును సమృద్ధిగా నుండును. తోలు స్వయముగా తేమను పీల్చి నిలుపుకొనును; బూజుకు మంచి యాహారమును. కనుకనే కెమేరాతోపాటు ఇచ్చు తోలుసంచి ప్రయాణమునకు మంచిదే గాని, నిలువకు పనికిరాదు.

లెన్సు అనగా ఒక అద్దము మాత్రము కాదు. పెద్ద లెన్సులలో పది మొదలు ఇరువది వఱకు అద్దము లొకదాని వెనుక నొకటి అమర్చబడియుండును. వెలుతురు అద్దములపై తళుకుమని తిరిగి చెదరకుండుటకై వానిపై మిక్కిలి పలుచని పూత పూయుదురు. ఆ పూత మందము వెండ్రుక మందములో కొన్నివందల వంతులలో నొక వంతు. బూజు పెరుగుచు ఆమ్లమును విడుచును. ఆ యామ్లము మొదట పూతను, పిమ్మట అద్దమును తినివేయును. తొలిదినములలో కనుగొన్నచో నేర్పరి దానిని తుడిచివేయగలడు. ఆలస్యమైనచో బూజును తుడిచినను, అది తిన్న గుఱుతు అద్దముపై నిలిచిపోవును.

తేమతో ఈ పోరాటము క్రొత్తది కాదు. ఛాయాగ్రహణ విద్య 1839లో ఫ్రాన్సుదేశమున లోకమునకు ప్రకటింపబడెను. 1871లో ఇంగ్లండున రిచర్డ్ మాడాక్స్ అను వైద్యుడు, గాజుపలకపై జెలటిన్ పూత పూసి చిత్రములు తీయు పద్ధతిని ప్రకటించెను. జెలటిన్ అనునది పశువుల చర్మమునుండియు ఎముకలనుండియు తీయబడు జిగురు. తేమ తగిలినచో ఉబ్బును; మెత్తబడును; బూజుకు విందగును. మనవంటి ఉష్ణదేశముల కొఱకు ఆంగ్లేయులు ప్రత్యేకముగా టేకుకఱ్ఱతో కెమేరాలు చేసి, ఇత్తడి పట్టీలతో బిగించి అమ్మిరి. మామూలు కఱ్ఱ మన వానలకు ఉబ్బి, ఎండలకు ముడుచుకొని, సందులు విడిచెడిది. టేకు అట్లు కాదని మన వడ్రంగులకు వేఱుగ చెప్పవలెనా?

ఆ కాలముననే హైదరాబాదు ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ గారి ఆస్థానమున రాజా దీన్‌దయాళ్ (1844–1905) అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడుండెను. సికింద్రాబాదున ఆయన చిత్రశాల యుండెను. ఆయన తీసిన గాజుపలకలనేకము నేటికిని ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రమున నున్నవి. జాగ్రత్తగా నిలువచేసినచో అంత సుకుమారమైన వస్తువును నూఱేండ్లు దాటి నిలుచునని దీనివలన తెలియుచున్నది. నేటి కెమేరాలలో జెలటిన్ లేదు. దానికి మాఱుగా విద్యుత్తు నడచు సన్నని తీగలును, బ్యాటరీయును వచ్చినవి. తేమవలన ఇవి చిలుము పట్టును. అద్దముల సంగతి మాత్రము నాడెట్లో నేడును అట్లే.

ఇక తేమ యెంత యున్నచో ప్రమాదము? గాలి పట్టగల నీటియావిరి కొక పరిమితి గలదు. వేడిగాలి యెక్కువ పట్టును. చల్లగాలి తక్కువ పట్టును. పట్టగలదానిలో నూటికి ఎన్ని పాళ్లు నిండియున్నదో లెక్కించి చెప్పుదురు. ధాన్యము కొనుగోలు కేంద్రములలో గింజలోని తేమను యంత్రముతో కొలిచి, నూటికి 17 పాళ్లు మించినచో తీసికొనమని చెప్పుట మీరెఱిగినదే. గాలిలోని తేమను కొలుచుటకును హైగ్రోమీటరను చిన్నసాధనము గలదు. కెమేరా యుండుచోట ఆ లెక్క 40 మొదలు 50 వఱకు నున్నచో మేలు. 60, 65 దాటి చిరకాలము నిలిచినచో బూజు మొలచుటకు వీలగును. మన కోస్తా జిల్లాలలో వానకాలపు ఉదయములందు అది 80 దాటుట సామాన్యము. అనగా ఆ నెలలలో మన యిండ్లలోని గాలియే కెమేరాకు ప్రతికూలము.

దీనికి ఉపాయమేమి? గాలి చొరని రబ్బరుపట్టీ మూత గల ప్లాస్టికు డబ్బా నొకదానిని కొనవలెను. వంటింటి సరకులకు వాడు డబ్బాయే చాలును. అందులో కెమేరాను సంచి లేకుండ నుంచి, సిలికా జెల్ అను గుండ్రని పూసలను పలుచని బట్టసంచిలో కట్టి ప్రక్కన పెట్టవలెను. ఈ పూసలు తేమ మెండుగా నున్నచోట తమ బరువులో మూడవవంతు వఱకు నీటిని పీల్చగలవు. పది లీటర్ల డబ్బాకు నూఱు, నూటయేబది గ్రాములు చాలును. రంగు పూసలు కొనుట మేలు. నారింజవన్నె పూసలు తేమ నిండగానే సామాన్యముగా ఆకుపచ్చబాఱును, లేదా వన్నె పోగొట్టుకొనును. నీలిపూసలు గులాబివన్నెకు తిరుగును. అప్పుడు వానిని పాఱవేయ పనిలేదు. సన్నని సెగపై మూకుడులో వేసి మొదటి వన్నె వచ్చువఱకు వేడిచేసి, మూతగల డబ్బాలో చల్లార్చి, మఱల వాడవచ్చును. మంట హెచ్చినచో పూసలు పగులును. నీలిపూసలలో కోబాల్టు అను లోహపు ఉప్పు గలదు, అది విషపదార్థము. ఏ రంగువాటికైనను వంటకు వాడని మూకుడునే ప్రత్యేకించి యుంచవలెను. పూసలు పిల్లల చేతికి అందరాదు.

బట్టల అలమరలలో వ్రేలాడదీయుటకు అమ్ము తేమసంచులు కొన్నింటిలో కాల్షియం క్లోరైడు అను ఉప్పుండును. ముసురుదినములలో మన ఉప్పుజాడీ చెమ్మగిల్లి నీరు దిగునట్లే, అదియు తేమను పీల్చి నీరై నిలుచును. ఒలికినచో కెమేరాకు ఆ ఉప్పునీరే ముప్పు. దానిని కెమేరాడబ్బాలో పెట్టరాదు. కర్పూరము, కలరా ఉండలు పురుగులను తఱుమునేమో గాని తేమను పీల్చవు.

డబ్బా కొనలేని చోట మఱియొక ఉపాయము గలదు. వేడిగాలి యెక్కువ ఆవిరి పట్టునని చెప్పితిని గదా. 27 డిగ్రీల వేడిలో తేమ నూటికి 80 పాళ్లున్న గాలిని 33 డిగ్రీలకు వేడిచేసినచో, నీరు తగ్గకయే ఆ లెక్క సుమారు 57కు దిగును. అందువలన చిన్న అలమరలో తక్కువ శక్తిగల పాతకాలపు వేడిబల్బు నొకదానిని వెలిగించి యుంచుట పూర్వమునుండి యున్న పద్ధతి. నేటి ఎల్‌.ఇ.డి. బల్బులు వేడి తక్కువ యిచ్చును గాన ఇందుకు పనికిరావు. బల్బునకు దగ్గరగా బట్టయు కాగితమును ఉండరాదు. నిప్పంటుకొను భయము గలదు. చిత్రములు తీయుటయే వృత్తిగా గలవారు తేమను తానే సరిచూచుకొను విద్యుత్పేటికను కొనుట మేలు. ఒక్క లెన్సు బాగుచేయించు ఖర్చుతో పోల్చినచో అది దండుగ కాదు.

వీని యన్నింటికంటె సులభమైన మందు మఱియొకటి గలదు. కెమేరాను వాడుటయే. ఆషాఢమున పని లేకపోయినను, వారమున కొకమాఱు వెలుపలికి తీసి, గాలియు వెలుతురును తగులనిచ్చి, పది చిత్రములు తీసి, తుడిచి పెట్టవలెను. ఎండలో పెట్టదలచినచో ఉదయపు నీరెండలో కొద్దిసేపు చాలును. మధ్యాహ్నపుటెండ లోపలి నూనెను కరగించును. లెన్సును సూర్యునివైపు త్రిప్పి వదలరాదు. భూతద్దముతో దూదిని కాల్చిన బాలుడెవడైనను దీని కారణము చెప్పగలడు.

ఇక కంటికి కనబడు నీటి సంగతి. వానలో చిత్రము తీయవలసి వచ్చినచో, ఒకరు గొడుగు పట్టుట అన్నిటికంటె మంచిది. ఒక్కడే యున్నచో, దళసరి ప్లాస్టికు సంచికి లెన్సు పట్టునంత రంధ్రము చేసి, దానిని లెన్సు చుట్టును రబ్బరుతో బిగించి, వెనుకవైపునుండి చేతులు దూర్చి పనిచేయవలెను. లెన్సు ముందు గొట్టమువంటి తొడుగు నుంచినచో చినుకులు అద్దముపై పడవు. తీయనప్పుడు లెన్సును నేలవైపునకు వంచి పట్టవలెను. వానలో లెన్సును విప్పి మార్చరాదు. నీరు పడినచో మెత్తని నూలుబట్టతో అద్దవలెనే గాని రుద్దరాదు. రుద్దినచో నీరు సందులలోనికి పోవును.

ఈ కెమేరా నీటికి చెడదని అమ్మువారు చెప్పుదురు. ఆ మాట కొక హద్దు గలదు. సెల్‌ఫోనులపైనను కొన్ని కెమేరాలపైనను ఐపీ అను అక్షరములును, వాని ప్రక్కన రెండంకెలును ఉండును. రెండవ అంకె నీటికి సంబంధించినది. అది 4 అయినచో ఏ వైపునుండి చిమ్మిన నీటికైనను ఓర్చును. 7 అయినచో ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను ఓర్చును. ఏ యంకెయు లేక, వానకు తట్టుకొనునని మాత్రము చెప్పినచో, ముంచుటకు పనికిరాదని యర్థము. ఈ పరీక్షలు క్రొత్త యంత్రమునకు మంచినీటిలో చేసినవి. నీటిని ఆపునది సందులలోని రబ్బరుపట్టీ. వంటింటి కుక్కరుమూతలోని రబ్బరు ఏండ్లు గడచినకొలది గట్టిపడి ఆవిరిని వదలునట్లే, కెమేరా రబ్బరును వయస్సుతో బలము తప్పును. 1963లో జపానుదేశపు నికాన్ సంస్థ నికోనోస్ అను పేర సముద్రములో ముంచి చిత్రములు తీయు కెమేరాను విక్రయించెను. దాని రక్షణయు ఇట్టి రబ్బరు ఉంగరములపైననే యాధారపడియుండెను. ఆ యుంగరముపై ఒక్క వెండ్రుకగాని, ఇసుకరేణువుగాని నిలిచినచో నీరు దూఱును.

సముద్రతీరమున నున్నవారు మఱియొక జాగ్రత్త పడవలెను. అక్కడి గాలిలో ఉప్పు గలదు. ఉప్పు తేమను పిలుచును, లోహమును తినును. తీరమునుండి వచ్చినవెంటనే, మంచినీట తడిపి గట్టిగా పిండిన బట్టతో కెమేరా పైభాగమును తుడిచి, పిమ్మట పొడిబట్టతో తుడువవలెను.

వాన లేకయే కెమేరా తడియు సందర్భ మొకటి గలదు. చల్లని నీరు పోసిన రాగిచెంబు వెలుపల చెమట పట్టుట చూచియుందురు. ఆ నీరు చెంబులోనిది కాదు, గాలిలోనిది. గాలి 30 డిగ్రీల వేడిలో నుండి, తేమ నూటికి 80 పాళ్లున్నచో, 26 డిగ్రీలకు మించి చల్లనైన యే వస్తువును తాకినను అది నీరు విడుచును. పెండ్లివారు ఏసీ గది నిచ్చిరి గదా యని ఫోటోగ్రాఫరు కెమేరాను రాత్రియంతయు అందుంచును. గది 22 డిగ్రీలలో నున్నదనుకొందము. తెల్లవాఱుజామున ముహూర్తమునకు కెమేరాను పందిరిలోనికి తెచ్చినంతనే, లెన్సు వెలుపలనే గాక లోపలను మంచు క్రమ్మును. వెలుపలిది తుడువవచ్చును; లోపలిది తుడువ వీలులేదు. ఉపాయము సులభము. గదిలోనుండగనే కెమేరాను ప్లాస్టికు సంచిలో పెట్టి మూతి బిగించి, అరగంట మొదలు గంట ముందుగా వెలుపలికి తెచ్చి, వెచ్చబడిన పిమ్మట సంచిని విప్పవలెను. అప్పుడు చెమట సంచికి పట్టును గాని కెమేరాకు పట్టదు. కెమేరాను మొదలే ఏసీ లేని గదిలో నుంచుట ఇంకను మేలు.

ఇన్ని జాగ్రత్తలు పడినను కెమేరా తడిసినచో నేమి చేయవలెను? మొదటిపని చేయకుండుటయే: మీట నొక్కి పనిచేయుచున్నదా యని చూడరాదు. నీరును విద్యుత్తును కలిసినచో యంత్రము కాలిపోవును. వెంటనే ఆపి, బ్యాటరీని ఊడదీయవలెను. చిత్రములుండు చిన్న కార్డును తీసి, తుడిచి, ఆఱనీయవలెను. తడిసినంతమాత్రమున కార్డులోని చిత్రములు చాలమాఱు చెడవు. కెమేరా పోయినను పెండ్లి దక్కును. పిమ్మట మూతలన్నియు తెఱచి, ఫంకా గాలి తగులునట్లు నీడలో ఒకటి రెండు దినములు ఆఱబెట్టవలెను. పొయ్యిదగ్గర పెట్టరాదు, వేడిగాలి యంత్రముతో ఊదరాదు. ఉప్పునీటిలోగాని వరదబురదలోగాని మునిగినచో, ఆలస్యము చేయక ఆ దినముననే బాగుచేయు నేర్పరికి అందజేయవలెను.

తడిసిన సెల్‌ఫోనును బియ్యపుడబ్బాలో పూడ్చుట మన యిండ్లలో వాడుక. దీనివలన మేలు స్వల్పము. నిలువకు తగినంత ఆఱిన బియ్యమునందు సైతము నూటికి పండ్రెండు మొదలు పదునాలుగు పాళ్లు నీరుండును; అది యింకెంత పీల్చగలదు? పైగా తవుడును నూకయు రంధ్రములలో చేరును. బియ్యపుసంచిలో పెట్టవలదని ఆపిల్ సంస్థ 2024లో తన ఐఫోను వాడువారికి స్పష్టముగా చెప్పియున్నది. పూర్వము సిలికా జెల్ దొరకని దేశములలో, బియ్యమును గోధుమవన్నె వచ్చువఱకు వేయించి, గుడ్డలో కట్టి కెమేరాపెట్టెలలో వాడిరి. వేయించుటచే నీరు పోయిన బియ్యమునకు తేమ పీల్చు గుణము వచ్చును; పచ్చిబియ్యమునకు ఆ గుణమంతగా లేదు. ఫోనును రంధ్రము క్రిందికి వచ్చునట్లు పట్టి మెల్లగా తట్టి, గాలిలో ఆఱనిండు. ఆఱువఱకు ఛార్జింగు పెట్టరాదు. ఈ యొక్కమాట ఇంటిలోని పిల్లలందఱకును చెప్పి యుంచవలెను.

బూజు పట్టిన లెన్సును తామే విప్పుదుమని సాహసింపరాదు. అద్దముల వరుసలో వెండ్రుకవాసి తేడా వచ్చినను చిత్రము మసకబాఱును. దానిని మిగిలినవానినుండి వేఱుచేసి, డబ్బాను తుడిచి ఎండబెట్టి, లెన్సును త్వరగా నేర్పరికి చూపవలెను. ఏ లెన్సునైనను నెలకొకమాఱు చిన్న దీపమునకు ఎదురుగా పట్టి లోనికి చూచు అలవాటు మంచిది. చిగురించుచున్న బూజు చిన్న చుక్కగా, దాని చుట్టును సన్నని పోగులుగా కనబడును. ఆ దశలో పట్టుకొన్నచో ఖర్చును తక్కువ, నష్టమును తక్కువ.

పెద్దలారా, ఈ పనులలో మీకు క్రొత్తవి యెన్ని? విత్తనములను ఆఱబెట్టి గాదెకెత్తుట, తాళపత్రములను ఏటేట తీసి గాలికి పఱచుట, మృదంగమును ముసురుపాలు కాకుండ దాచుట, ఇవి మీ పెద్దలు మీకు నేర్పినవే. యువకులు యంత్రమును నడపుట నేర్తురు; నిలువచేయు నీతి మీరు నేర్పవలెను. మీ యూర కెమేరా పెట్టుకొని జీవించు పిల్లవానిని ఆషాఢము ప్రవేశించిన దినమున పిలిచి, కెమేరాను సంచిలో మూసితివా, ఆఱబెట్టి డబ్బాలో పెట్టితివా యని యొక్క ప్రశ్న వేయుడు. ఆ ప్రశ్న యొక్కటి శ్రావణమాసమున నొక కుటుంబము శుభకార్యమును, ఒక యువకుని జీవనమును కాపాడవచ్చును.